రెండవ వరుస ఆటగాణ్ణి ఇచ్చివేయవచ్చునా?

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం కావాలనగానే పెద్దల చూపు సాధారణంగా శాసనాల వైపు, రాజవంశాల వైపు పోతుంది. రాయలవారి దండయాత్రలు, కాకతీయుల చెరువులు ఎన్నిసార్లు వ్రాసినా చదవదగినవే. ఐనా ఈ యేడు మేము ఆ రాచబాట విడిచి ఆటస్థలం వైపు నడవదలచినాము. కారణం లేకపోలేదు. వర్తూరు చుట్టుపట్ల లేచిన అపార్టుమెంట్లలో చాలావాటికి ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్నది. సాయంకాలం అక్కడ చేరే మన పిల్లలకు తిథివార నక్షత్రాలు తెలియకపోవచ్చును గాని, అమెరికా జట్లలో ఎవరు ఎక్కడికి మారినారో మాత్రం వేళ్ళ మీద చెప్పగలరు. వారి మధ్య తెగని తగవు ఒకటి ఉన్నది. ఓడి, చెదరి, మళ్ళీ పునాది నుంచి కట్టుకొంటున్న జట్టు తన రెండవ పాయింట్ గార్డును మరొక జట్టుకు ఇచ్చివేయవచ్చునా, కూడదా?

పిల్లల తగవు గదా అని నవ్వి ఊరుకోవడం మాకు న్యాయంగా తోచలేదు. ఎందుచేతనంటే అచ్చంగా ఇటువంటి సమస్యే, బంతి వేరైనా, మనము విడిచివచ్చిన తెలుగునాటి జట్టుకూ మనము వచ్చి చేరిన ఈ బెంగుళూరు జట్టుకూ నడుమ మన కళ్ళ ఎదుటనే నడిచింది. దాని జమాఖర్చు సరిగా వ్రాసినవారు కనబడరు. మనవారు పదిమంది కూడినచోట మాత్రం “అయ్యో, చేతిలోనివాణ్ణి వదలుకొన్నామే” అన్న మాట ఇప్పటికీ వినవస్తుంది. ఆ విచారం ఎంతవరకు సబబో చూడాలని మా ఉద్దేశం.

ముందుగా ఆట ఎరుగని పెద్దల కొరకు ఒక మాట. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు అయిదుగురు బరిలో ఉంటారు. బంతిని ముందుకు నడిపించి, ఎవరికి ఎప్పుడు అందివ్వాలో నిర్ణయించేవాడు పాయింట్ గార్డు. భజన గోష్ఠిలో తాళం పట్టినవాని వంటివాడు. అతడు అలసినప్పుడు లేచి ఆ పని చేసేవాడు రెండవ గార్డు. ఆట జరిగే సమయంలో సగానికి పైగా అతడు బల్ల మీదనే కూర్చుంటాడు. ఇటువంటివాడు ఇంట్లోని రెండవ గొడుగు వంటివాడు. ఎండకాలంలో అటక మీద ఉంటుంది, ఇరుగుపొరుగులు అడిగితే ఇచ్చివేయాలనిపిస్తుంది. వాన వచ్చినప్పుడు గదా దాని సంగతి.

ఈ విషయంలో అమెరికావారి అనుభవం రెండు విధాలుగానూ ఉన్నది. 2011 జూన్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు జార్జ్ హిల్ అనే గార్డును ఇండియానా పేసర్స్‌కు ఇచ్చింది. ఆ జట్టులో మొదటి గార్డు టోనీ పార్కర్. అప్పటికి అతనికి 29 ఏళ్ళు, ఇంకా చాలాకాలం ఆడగలవాడు. కనుక హిల్‌కు అక్కడ పై మెట్టు లేదు. ప్రతిగా స్పర్స్‌కు వచ్చినవారిలో కవై లెనార్డ్ అనే కుర్రవాడు ఉన్నాడు. ఆనాటి కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అతడు 15వ వాడు. అంటే తనకంటె ముందు పధ్నాలుగుగురిని ఎంచుకొన్నారన్నమాట. మూడేళ్ళకు, 2014లో, స్పర్స్ విజేతలైనప్పుడు తుదిపోరులో ఉత్తమ ఆటగాడు ఆ లెనార్డే. హిల్‌ను తీసికొన్న పేసర్స్ కూడా నష్టపోలేదు. అతడు పుట్టి పెరిగిన ఊరు ఇండియానాపోలిసే. అప్పుడే మళ్ళీ నిలదొక్కుకొంటున్న ఆ జట్టు 2013లోను, 2014లోను తూర్పు విభాగపు తుదిపోరు దాకా వెళ్ళింది. ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ బాగుపడిన బేరం లోకంలో అరుదు.

రెండవ కథ వేరు. 2012 అక్టోబరులో ఓక్లహామా సిటీ థండర్ జట్టు జేమ్స్ హార్డెన్‌ను హ్యూస్టన్‌కు వదలుకొన్నది. అతడు మొదటి అయిదుగురిలో కాక, ఆరవవాడుగా దిగేవాడు. ఆ యేడే ఆ జట్టు తుదిపోరు ఆడింది. జీతం దగ్గర మాట కుదరలేదు. ఆరవవాడు గదా అనుకొన్నారు. 2018లో ఆ ఆరవవాడే ఆ సంవత్సరపు అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు. ఓక్లహామా మళ్ళీ తుదిపోరు చూడడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. ఆ 2025లో వారికి విజయం తెచ్చిన గిల్జియస్ అలెగ్జాండర్‌ను, 2019లో జట్టును పడగొట్టి మళ్ళీ కట్టడం మొదలుపెట్టినప్పుడు, వారే మరొక జట్టు నుంచి మార్పిడిలో తెచ్చుకొన్నారు. అప్పటికి అతడు ఒక్క యేడు ఆడిన కుర్రవాడు. దెబ్బ తిన్నవారు పాఠం నేర్చుకొన్నారని మా అభిప్రాయం.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. తెలుగునాట మార్పిడి అనే పద్ధతి లేని రోజులలో ఏమి జరిగేదో ముందు తెలిస్తే గాని తరువాతి కథ అర్థం కాదు.

1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాలలో ఎత్తుకు వచ్చింది. దానిని తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. మొదట బడిపంతులు. ఆయన చేతికింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకం తెచ్చింది. ఆయన కుర్రవాళ్ళకు పెట్టిన అభ్యాసాలు నేటికీ చెప్పుకొంటారు. బంతిని కాలికి అంటించుకొని తిప్పకుండా వెంటనే అందించవలెనని నియమం పెట్టి పోటీలు నడిపించేవాడు. వాటం లేని కాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు. రెండవ కాలికే అంత తరిఫీదు ఇచ్చినవాడు రెండవ వరుసను ఎంత శ్రద్ధగా పెంచి ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు.

పోలీసు జట్టులో ఆటగాణ్ణి పట్టి ఉంచేది ఉద్యోగం. అంతకు మించిన కట్టుబాటు లేదు. కలకత్తా క్లబ్బులు పిలిస్తే వెళ్ళేవాడు వెళ్ళేవాడు. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, 1961లో ఆ జట్టుకు నాయకుడైనాడు. రహీం సాహెబు 1963 జూన్‌లో కాలం చేసిన తరువాత జట్టును మళ్ళీ కట్టవలసిన సమయం వచ్చింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా. సరిగ్గా ఆ వెంటనే, 1966లో, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ కలకత్తా బాట పట్టినారు. 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు నాయకుడు ఆ నయీముద్దీనే. వారు వెళ్ళినందుకు ప్రతిగా హైదరాబాదుకు ఎవరు వచ్చినారు? ఎవరూ రాలేదు. సంతోష్ ట్రోఫీ మళ్ళీ ఆంధ్రప్రదేశ్ చేతికి చిక్కలేదు.

బెంగుళూరుకూ ఈ బాధ తెలుసు. కలకత్తావారు పంచపాండవులని పిలుచుకొన్న ఈస్ట్ బెంగాల్ ముందువరుస అయిదుగురిలో అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్ ఈ ఊరివారే. మన అప్పారావుగారు కూడ ఆ అయిదుగురిలో ఒకరు. 1949, 1950, 1951లలో వరుసగా వారు గెలిచిన ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఖ్యాతి అంతా కలకత్తాదే.

వెళ్ళినవారిని మేము తప్పుపట్టము. తప్పుపట్టే అర్హత మనకు ఎక్కడిది? అనంతపురంలోనో గుంటూరులోనో వరంగల్లులోనో మన చదువుకు తగిన చోటు దొరికి ఉంటే, వర్తూరు చెరువు గట్టున ఈ ఉగాది చేసికొనేవారమా? మొదటి వరుసలో చోటు లేనివాడు చోటున్న ఊరికి పోతాడు. పోయినవాని కథ ఒకటి, విడిచిన ఊరి కథ మరొకటి. ఈ వ్యాసంలో మేము ఊరి పక్షాన, అనగా జట్టు పక్షాన నిలిచి లెక్క చూస్తున్నాము.

2008లో ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు మొదలైన తరువాత ఈ లెక్క మారింది. ఆటగాడు జట్టుతో ఒడంబడికలో ఉంటాడు. అతణ్ణి మరొక జట్టు కోరితే ఇవ్వడమో మానడమో జట్టు చేతిలో ఉన్నది. ఇచ్చిననాడు అతని జీతపు సొమ్ము వేలంలో ఖర్చుపెట్టుకొనడానికి మిగులుతుంది. మొదటి పెద్ద మార్పిడి మన బెంగుళూరుదే. మొదటి యేడు రాయల్ ఛాలెంజర్స్ పధ్నాలుగు ఆటలలో నాలుగే గెలిచి ఏడవ స్థానాన నిలిచింది. 2009కి ముందు జహీర్ ఖాన్‌ను ముంబైకి ఇచ్చి, ఈ రాష్ట్రపు బిడ్డ రాబిన్ ఉతప్పను తెచ్చుకొన్నది. ఇద్దరూ మొదటి వరుసవారే గనుక అది మన ప్రశ్నకు సరిగా సరిపడదు. ఆ యేడు బెంగుళూరు జొహానెస్‌బర్గులో తుదిపోరు దాకా వెళ్ళి, 6 పరుగుల తేడాతో డెక్కన్ ఛార్జర్స్ చేతిలో ఓడింది. ఆ డెక్కన్ జట్టు, అనగా హైదరాబాదు జట్టు, అంతకు ముందు యేడు రెండే ఆటలు గెలిచి అట్టడుగున ఉండినది. మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టనక్కరలేదని దానివల్ల తెలిసింది.

2012లో డెక్కన్ జట్టు రద్దై, హైదరాబాదుకు సన్‌రైజర్స్ వచ్చింది. 2014 వేలంలో వారు కె. ఎల్. రాహుల్‌ను కోటి రూపాయలకు తీసికొన్నారు. అతడు బెంగుళూరులో పుట్టి మంగళూరు వైపు పెరిగినవాడు. 2013లో రాయల్ ఛాలెంజర్స్‌కు ఆడినవాడే. వికెట్‌కీపింగ్ చేయగల బాట్స్‌మన్. సన్‌రైజర్స్‌లో వికెట్ల వెనుక నమన్ ఓఝా ఉన్నాడు, ముందు వార్నర్, ధావన్ ఉన్నారు. మధ్యలో రాహుల్‌కు చిక్కిన చోటు ఎక్కడిదంటే అక్కడిది. 2014లో 11 ఆటలలో 166 పరుగులు, 2015లో 9 ఆటలలో 142 పరుగులు చేసినాడు. ఈలోగా 2015 జనవరిలో సిడ్నీ టెస్టులో శతకం కొట్టినాడు. కర్ణాటక పక్షాన ఉత్తరప్రదేశ్ మీద 337 పరుగులు చేసినాడు. దానితో “ఇతడు నిదానపు ఆటవాడు, ఇరవై ఓవర్ల ఆటకు సరిపడడు” అన్న ముద్ర మరింత గట్టిపడింది. గుణమే ఒక్కొక్కసారి అడ్డు వస్తుంది.

సన్‌రైజర్స్ 2014లో ఆరవ స్థానం, 2015లోనూ ఆరవ స్థానమే. జట్టును మళ్ళీ కట్టవలసిన అవసరం వచ్చింది. స్టెయిన్‌ను, ఇశాంత్ శర్మను, ప్రవీణ్ కుమార్‌ను, మన హనుమ విహారిని వదిలివేసినారు. రాహుల్‌ను బెంగుళూరుకు మార్పిడిలో ఇచ్చినారు. బెంగుళూరువారు అప్పుడే తమ వికెట్‌కీపర్ దినేశ్ కార్తీక్‌ను వదలుకొని ఉన్నారు. 2015లో అతని ఖరీదు పదిన్నర కోట్లు. ఆ చోటుకు కోటి రూపాయల కుర్రవాడు, పైగా ఇంటివాడు దొరికినాడు. వారికి ఇది పండుగే.

హైదరాబాదువారు 2016 వేలంలో ఏమి కొన్నారో చూడండి. యువరాజ్ సింగ్ 7 కోట్లు. ఆశిష్ నెహ్రా అయిదున్నర కోట్లు. బంగ్లాదేశ్ కుర్రవాడు ముస్తాఫిజుర్ కోటి నలభై లక్షలు. ఆస్ట్రేలియావాడు బెన్ కటింగ్ 50 లక్షలు. ఈ పట్టికను బట్టి వారి ఆలోచన స్పష్టంగా తెలుస్తున్నది. బంతి వేసేవారు తమ ఇంటి గోడలు, వాటిని ముందు లేపాలి అనుకొన్నారు. జట్టుకు శిక్షకుడు టామ్ మూడీ, సలహాదారు మన లక్ష్మణ్. మళ్ళీ కట్టేవాడికి తాను ఏ ఇల్లు కడుతున్నాడో తెలిసి ఉండాలి. తెలియకుండా రెండవవాణ్ణి ఇచ్చివేయడం ఇంటి దూలం అమ్మి వాకిలికి రంగు వేయించినట్లు.

రాహుల్ ఆ యేడు బెంగుళూరుకు 14 ఆటలలో 397 పరుగులు చేసినాడు, అదీ వడివడిగా. నిదానపు ఆటవాడన్న ముద్ర ఒక్క వేసవిలో కొట్టుకొని పోయింది. విరాట్ కోహ్లీ 973 పరుగుల సంవత్సరం అది. అటు హైదరాబాదుకు వార్నర్ 848 చేసినాడు. భువనేశ్వర్ 23 వికెట్లు, ముస్తాఫిజుర్ 17 వికెట్లు తీసినారు. చివరకు 2016 మే 29న తుదిపోరు వచ్చింది. ఎక్కడ? మన వర్తూరు నుంచి పోతే ఒక పూట ప్రయాణమయ్యే చిన్నస్వామి స్టేడియంలో. ఎవరికి ఎవరికి? హైదరాబాదుకూ బెంగుళూరుకూ. ఆ రాత్రి మన ఇళ్ళలో తండ్రి ఒక పక్షం, ఇక్కడ పుట్టిన కొడుకు ఒక పక్షం. తల్లులు ఏ పక్షమో బయటపెట్టలేదు.

హైదరాబాదు 208 చేసింది. వార్నర్ 69. చివరలో బెన్ కటింగ్ 15 బంతులలో 39. బదులుగా గేల్, కోహ్లీ మొదటి వికెట్టుకే 114 జోడించినారు. అది 11వ ఓవరు. ఆట ముగిసిందనే అనుకొన్నారు స్టేడియంలో అందరూ. అప్పుడు గేల్‌ను కటింగ్ పడగొట్టినాడు. కోహ్లీ వెళ్ళినాడు, డివిలియర్స్ వెళ్ళినాడు. రాహుల్ 11 పరుగుల మీద ఉండగా ఆ కటింగే అతని వికెట్లు ఎగురగొట్టినాడు. హైదరాబాదు ఇచ్చివేసిన కోటి రూపాయల మనిషిని, హైదరాబాదు తెచ్చుకొన్న అర్ధకోటి మనిషి. బెంగుళూరు 200 దగ్గర ఆగింది. 8 పరుగుల తేడా.

ఒక్క ఆటను చూపి మార్పిడి సరియైనదని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. గేల్ మరి రెండు ఓవర్లు నిలిచి ఉంటే మరొక విధంగా వ్రాయవలసి వచ్చేది. అందుచేత మేము ఆటను విడిచి సంవత్సరాలు లెక్కపెట్టినాము. ఇక్కడే సామాన్యంగా అందరూ పొరబడుతున్నారు. రాహుల్ 2018లో 659 పరుగులు చేసినాడు, 2020లోనైతే 670 పరుగులు చేసి అందరికంటె ముందున్నాడు గనుక, అవన్నీ హైదరాబాదు పోగొట్టుకొన్న పరుగులని లెక్క వేస్తారు. అది తప్పు లెక్క. 2018 జనవరిలో ఐ.పి.ఎల్.లో పెద్ద వేలం జరిగింది. కొద్దిమందిని తప్ప అందరినీ ఆ వేలానికి వదలవలసిందే. అంటే 2015 చివరలో హైదరాబాదు చేతిలో రాహుల్ మిగిలి ఉన్నది రెండే సంవత్సరాలు, 2016, 2017. అందులో 2017లో భుజం గాయం వల్ల అతడు ఒక్క ఆటా ఆడలేదు. కాబట్టి హైదరాబాదు నిజంగా వదలుకొన్నది ఒకే ఒక్క సంవత్సరపు రాహుల్‌ను. ఆ ఒక్క సంవత్సరమూ వారు విజేతలు.

మన పిల్లల ప్రశ్నకు మా జవాబు ఇందులోనే ఉన్నది. రెండవవాడు మంచివాడా కాదా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న కాదు. జట్టు పండే నాటికి అతడు చేతిలో ఉంటాడా? మొదటివాడు తప్పుకొనేది ఎప్పుడు? టోనీ పార్కర్ ఇంకా నిలిచేవాడు గనుక హిల్‌ను ఇవ్వడం తెలివి. హార్డెన్ విషయంలో జట్టు అప్పటికే పండి ఉన్నది, కోతకాలంలో కొడవలి అమ్ముకొన్నారు. ఇక 1966లో హైదరాబాదు సంగతి, అక్కడ అడిగేవాడే లేడు. మళ్ళీ కడుతున్న జట్టు మూడేళ్ళకు పండుతుందని అంచనా ఉండి, రెండవ గార్డు ఒడంబడిక ఏడాదిలో ముగిసేటట్లయితే, ఇచ్చివేసి లేతవాణ్ణి తెచ్చుకోవడమే మేలు. ఆ రెండవవాడే ఇరవై రెండేళ్ళవాడై, మొదటివానికి మోకాళ్ళు నొప్పులైతే, ఎంత ఇస్తామన్నా ఇవ్వకూడదు.

నిజానికి ఈ కథలో విచారపడవలసినవారు బెంగుళూరువారు. 2018 వేలానికి ముందు వారు కోహ్లీని, డివిలియర్స్‌ను, సర్ఫరాజ్ ఖాన్‌ను ఉంచుకొన్నారు. రాహుల్‌ను వేలానికి వదిలినారు. 2016లో కోటి రూపాయలకు ఆడిన మనిషిని పంజాబువారు 11 కోట్లకు తీసికొనిపోయినారు. హైదరాబాదువారు అదే వేలంలో వృద్ధిమాన్ సాహాను 5 కోట్లకు కొని వికెట్ల వెనుక నిలబెట్టినారు, ఆ వేసవిలోనే మళ్ళీ తుదిపోరు ఆడినారు.